డాక్టర్ సలహా: ఐదింటికి అలారం పెడతాను, లేవలేను.. బలానికి టానిక్ చెబుతారా?

ప్రశ్న: నా వయసు 41. మాది గుంటూరు. విజయవాడలో ఓ ప్రైవేటు కాలేజీలో పదిహేనేళ్లు లెక్కలు చెప్పాను. రెండేళ్ల కిందట నాన్న పోవడంతో ఉద్యోగం మానేసి మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ దుకాణం చూసుకుంటున్నాను. రోజూ రాత్రి ‘రేపు ఐదింటికి లేచి నడవాల్సిందే’ అనుకుని అలారం పెడతాను. తెల్లారేసరికి ఆపేసి పడుకుంటాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి నీరసం. రోజుకు ఆరేడు టీలు తాగుతాను. రాత్రి అందరూ పడుకున్నాక మిక్చర్ డబ్బా పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తుంటే ఒంటిగంట అవుతోంది. షుగర్, బీపీ నార్మలే. ఇంట్లో బద్ధకం అంటున్నారు, నాకూ అలాగే అనిపిస్తోంది. బలానికి మంచి టానిక్ ఏదైనా చెప్పండి. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో బద్ధకం నాకెక్కడా కనిపించలేదు. తండ్రి పోతే ఇంటి బాధ్యత నెత్తిన వేసుకుని, అలవాటు లేని వ్యాపారంలోకి దిగిన మనిషిని బద్ధకస్తుడని ఎలా అంటాం? ముందు ఆ మాట పక్కన పెట్టండి. టానిక్ సంగతి తర్వాత చూద్దాం. మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేస్తే నాలుగు గంటల నిద్ర. మీ వయసుకు కనీసం 7 గంటలు కావాలి. అంటే మీ అలారం రోజూ మూడు గంటలు బాకీ పెట్టమంటోంది, ఒళ్లు ఒప్పుకోవడం లేదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. నిద్రమత్తు తెచ్చేవాటిలో అదొకటి, నిద్రపోతేనే తగ్గుతుంది. టీలోని కెఫీన్ దాన్ని తగ్గించదు, కాసేపు పనిచేయకుండా అడ్డుకుంటుందంతే. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి దుకాణంలో తాగిన టీ అర్ధరాత్రి కూడా సగం మీ ఒంట్లోనే ఉంటుంది.

ఇది ఒంటి సంగతి. అసలు చిక్కు మాత్రం అందరూ పడుకున్నాక మీరు మేలుకుని ఉండే ఆ రెండు గంటల్లో ఉందని నా నమ్మకం. ఓసారి మిమ్మల్ని మీరే దగ్గర్నుంచి చూసుకోండి. చీకట్లో ఫోన్ వెలుగు, కళ్లు దాని మీదే. చెయ్యి మాత్రం డబ్బాలోకి పోయి వస్తూ ఉంటుంది. వేరుశనగ గుళ్లు ముందే అయిపోతాయి, తర్వాత కారప్పూస, చివరికి అడుగున పొడి. ఆకలి ఉండి తిన్నది కాదు. ఫోన్‌లో ఏం చూశారో తెల్లారితే గుర్తుండదు. మరి ఎందుకు మేలుకుంటున్నారు? రైతు, వ్యాపారి, హమాలీ, ధర ఎంతని అడిగే ఫోన్లు.. వీటిలో ఏదీ మీ జోలికి రాని సమయం అదొక్కటే. పడుకుంటే ఇట్టే తెల్లారిపోతుంది. తెల్లారితే మళ్లీ మిర్చి టిక్కీలు (బస్తాలు), తూకాలు, బిల్లులు. అందుకే మీ మనసు ఆ తెల్లవారడాన్ని వీలైనంత వెనక్కి నెడుతోంది.

‘ఉద్యోగం మానేసి’ అని రెండు ముక్కల్లో దాటేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నాన్నగారు పోయిన దుఃఖం, ఇష్టపడి చేసిన పని పోయిన దిగులు రెండూ ఒకేసారి మీద పడ్డాయి. మొదటిదాన్ని నలుగురూ పలకరించి ఉంటారు. రెండోదాన్ని ఎవరూ పలకరించి ఉండరు. నాన్న కూర్చున్న కుర్చీలో కూర్చుని ‘నాకిది ఇష్టం లేదు’ అనుకోవడమే తప్పుగా తోస్తుంది. ఆ మాట పైకి అనలేక ‘నీరసంగా ఉంది డాక్టర్ గారూ’ అని చెప్పుకునేవాళ్లను నా దగ్గర చాలామందిని చూశాను.

బుద్ధి నడవమంటుంది, మనసు వద్దంటుంది, మధ్యలో నలిగేది ఒళ్లు. ‘ఛీ, ఇవాళ కూడా లేవలేదు’ అని తిట్టుకున్న ప్రతిసారీ ఒంట్లో అడ్రినలిన్, కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరగొచ్చు. మెడ, భుజాలు బిగుసుకుంటాయి. రాత్రి నిద్ర పలచబడుతుంది. మెదడు మన బరువులో 2 శాతమే అయినా, ఒళ్లు వాడుకునే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. అయితే దిగులు పడినంత మాత్రాన ఆ ఖర్చు పెద్దగా పెరగదు. అందుకే గ్లూకోజ్, సెలైన్, టానిక్ ఈ నీరసానికి పనిచేయవు. ఎడ్లు చెరోవైపు లాగుతుంటే, దాణా పెంచినంత మాత్రాన బండి కదలదు కదా.

అలాగని అంతా మనసుదే అని తేల్చేయను. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12, కిడ్నీ, లివర్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. గురక పెడతారేమో, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందేమో మీ ఆవిడను అడగండి. అలా ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. యార్డులో మిర్చి ఘాటుకు ముక్కు దిబ్బడ వేసినా నిద్ర చెడుతుంది. మాస్కు కట్టుకోండి.

ఇక రెండు వారాల పాటు ఐదు గంటల అలారం తీసేయండి. ఆరున్నరకు పెట్టుకోండి. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు. ఆరేడు టీలు ఒక్కసారే మానేస్తే తలనొప్పి వస్తుంది, రెండ్రోజులకు ఒకటి చొప్పున తగ్గించండి. నడక రాత్రి భోజనం అయ్యాక, మీ వీధిలోనే, పది నిమిషాలు. వారానికి కనీసం 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అక్కడికి మెల్లగా వెళ్దాం. లండన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే కుదిరితే, కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులో చూశారు. కాబట్టి తప్పిన రోజు తిట్టుకోవద్దు.

ఫోన్ మానేయమని చెప్పను. దానికన్నా మంచిది దొరికేదాకా మీ మనసు దాన్ని వదలదు. ఆదివారం ఉదయం పక్కింటి పిల్లలు ఇద్దరికి లెక్కలు చెప్పి చూడండి. డబ్బు కోసం వద్దు, సుద్దముక్క పట్టుకుని నిలబడటం కోసం. ఆరోజు రాత్రి ఎన్నింటికి నిద్ర వచ్చిందో రాసిపెట్టుకోండి. దుకాణం గురించి మీకేమనిపిస్తోందో మీ ఆవిడతో ఒక్కసారి దాచకుండా మాట్లాడండి. వదిలేయాలా, ఉంచుకోవాలా అన్నది అప్పుడే తేల్చక్కర్లేదు.

రెండు వారాలకు మించి రోజులో చాలాసేపు దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా సైకియాట్రిస్టును కలవండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, ఇంట్లో చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రిపోర్టులు వచ్చాక ఆ అంకెలు, గురక గురించి మీ ఆవిడ ఏమన్నారో రాయండి. టానిక్ అవసరమైతే అప్పుడు నేనే చెబుతాను.