అగ్గి తగిలిన మామిడి మాన్లు ఇప్పుడే కొట్టొద్దు, ఎదగని జొన్న ఆవులకు వేయొద్దు

ప్రశ్న: మాది భాకరాపేట దగ్గర అడవి అంచు పల్లె. రెండేళ్లుగా వానల్లేవు, బోరు అరగంట పోసి ఆగిపోతోంది. నాలుగు రోజుల కిందట గుట్ట మీది నుంచి అగ్గి దిగి గడ్డివామి కాలిపోయింది. గుట్ట వైపు రెండు సాళ్ల తోతాపురి మాన్లు మాడిపోయాయి. ఒక జెర్సీ ఆవుకు పొదుగు కాలింది. మాన్లు కొట్టి కట్టెలకు అమ్మేయమంటున్నారు. పక్క చేనాయన తన జొన్న మోకాలెత్తులోనే ఆగిపోయిందని, మొన్నటి జల్లుకు కొంచెం పచ్చబడిందని, కోసుకోమంటున్నాడు. మేపవచ్చా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక రైతు, తిరుపతి జిల్లా

జవాబు: అన్నా, ముందు జొన్న సంగతి. అది మేపకండి. ఒక్క మోపు కూడా వద్దు. బెట్టకు గిడసబారిన లేత జొన్నలో, ఎండిపోయి మళ్లీ జల్లు పడి చిగురించిన పిలకల్లో సైనైడ్ విషం తయారవుతుంది. మన పెద్దవాళ్లు ‘నాము’ అనేది దీన్నే. ఆకలితో ఉన్న ఆవు ఆబగా తింటుంది, కొద్ది నిమిషాల్లోనే ఎగశ్వాస, నోట నురగ, వణుకు మొదలై పడిపోతుంది. ఇంజెక్షన్ ఉంది గానీ డాక్టరు వచ్చేదాకా పశువు ఆగదు. జొన్న బాగా ఎదిగి పూత దశకు వచ్చాక కోసి మేపితే భయం లేదు. మీ పక్క చేనిది ఆ దశకు రాలేదు. ఆవులను ఆ గట్టున కట్టేయడం కూడా మానండి.

పొదుగు కాలిన ఆవుకు ఇంకా వైద్యం మొదలు కాకపోతే ఈరోజే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. బూడిద, గ్రీజు, ఇంజను ఆయిల్ లాంటివి పూయకండి, పుండు చీము పడుతుంది. బొబ్బలున్న చన్నును దూడకు వదలొద్దు. నొప్పికి ఆవు తన్నినా సరే, పాలు మెల్లగా చేత్తో తీసేయాలి. పాలు నిలిచిపోతే పొదుగువాపు వస్తుంది. మిగతా ఆవుల కాళ్లూ చూడండి. గిట్ట, చర్మం కలిసేచోట కాలితే వారం పది రోజుల తర్వాత కూడా కుంటుతాయి.

మేత విషయం. వామి పోయింది కాబట్టి కొన్న వరిగడ్డిలో ప్రతి పరకా పనికి రావాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్ట కప్పి 21 రోజులు ఉంచండి. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా సంచి, కలిపిన నీళ్లు పశువులకు అందేచోట ఉంచొద్దు. అవి ప్రాణాలు తీస్తాయి. ఈ మూడు వారాలూ వేరుశనగ కట్టె, చెరకు ఆకు, అవిశ కొమ్మలతో నెట్టుకురండి. సుబాబుల్ ఉంటే మొత్తం మేతలో మూడో వంతు మించనీయకండి. పాలిచ్చే ఆవుకు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. ఉన్న నీళ్లలో ముందు వాటా పశువులదే. పాడి ఆవు ఈ ఎండల్లో రోజుకు 60–80 లీటర్లు తాగుతుంది.

ఇక మాన్లు. ఆకు మాడినంత మాత్రాన మాను చచ్చినట్టు కాదు. కొమ్మ మీద, మొదలు దగ్గర గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయింది. అయినా ఇప్పుడు కత్తి పెట్టకండి, ఎంతవరకు చచ్చిందో వానలు పడి చిగురు వచ్చాకే తేలుతుంది. తొందరపడి నరికితే బతికే కొమ్మలు కూడా పోతాయి. ఆకు నీడ పోయిన మొద్దుకు ఎండదెబ్బ తగలకుండా సున్నం కొట్టండి. బెరడు పగిలినచోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో చేసిన బోర్డో పేస్టు పూయండి. మాడిన మాన్ల మీద మిగిలిన కాయలు దింపేయండి, మాను వాటిని మోయలేదు. నీళ్లు కొద్దికొద్దిగా పాదుల్లో పోయండి. చిగురు కనిపించేదాకా ఎరువు వద్దు. ఒకటి గమనించండి: చిగురు అంటు కట్టిన చోటుకు పైనుంచి వస్తేనే అది తోతాపురి. కింద నుంచి వస్తే నాటు మామిడి. అప్పుడు దానిమీద మళ్లీ అంటు కట్టించుకోవచ్చు.

కాలినవి తొలగించకముందే ఫోటోలు తీసి, రెవెన్యూ వాళ్లకు, రైతు సేవా కేంద్రంలో అర్జీ ఇవ్వండి.

నిద్ర పట్టడం లేదని రాశారు. వామి, తోట ఒక్క రాత్రిలో కాలితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, దాన్ని లోపల పెట్టుకోకండి. 14416కు, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు, ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు అడగరు.

2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మన చేలకు అవి రావు. వచ్చే సంక్రాంతి దాటగానే ఊరంతా కలిసి, అటవీ సిబ్బందికి చెప్పి, పట్టా భూముల అంచున మూడు నాలుగు మీటర్ల వెడల్పున కసువు కోసి నేల కనపడేలా దున్నించండి. గట్లకు నిప్పు పెట్టడం ఆ కాలంలో పూర్తిగా ఆపాలి. వామిని తోటకూ కొట్టానికీ దూరంగా, ఒకే కుప్పగా కాకుండా రెండు చోట్ల వేసుకోండి.