ఏడిపిస్తున్నారని చెబితే టీసీ తీసుకోమంటున్నారు

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. కాస్త నత్తి ఉంది. క్లాసులో నలుగురు పిల్లలు వాడి మాటను వెక్కిరిస్తారు, బ్యాగు దాచేస్తారు. ఈమధ్య మెట్ల మీద తోసేశారు. క్లాస్ టీచర్‌కు చెబితే అందరి ముందు సారీ చెప్పించి చేతులు కలిపించారు. అప్పటినుంచి ఇంకా ఎక్కువైంది. ప్రిన్సిపాల్ ‘పిల్లలన్నాక మామూలే, ఇబ్బందైతే టీసీ తీసుకోండి’ అన్నారు. స్కూలు మీద, ఆ పిల్లల మీద కేసు పెట్టొచ్చా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, టీసీ తీసుకోవాల్సిన అవసరం మీకు లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి తీసేయకూడదు. (మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు.) ఆ నలుగురికీ ఇదే రక్షణ ఉంది. అందుకే వాళ్లను పంపేయమని పట్టుబట్టకండి. ‘మా బాబు కోసం ఏం చేస్తారో రాసివ్వండి’ అని అడగండి.

ఇన్నాళ్లూ మీరు నోటిమాటగానే చెప్పారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ పేరిట ఫిర్యాదు రాయండి. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు, టీచర్‌కు ఎప్పుడు చెప్పారు అన్నీ ఉండాలి. దెబ్బ తగిలి ఉంటే డాక్టర్ చీటీ జత చేయండి. మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఈ కాగితం ఎందుకంటే, జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ప్రకారం తమ సంరక్షణలో ఉన్న పిల్లల్ని కావాలని పట్టించుకోకుండా వదిలేసి, అనవసరమైన శారీరక, మానసిక బాధకు గురిచేయడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ పడొచ్చు. ‘మాకు తెలియదు’ అని స్కూలు తప్పించుకోకుండా ఆపేది ఆ ముద్రే.

సారీ చెప్పించడం గురించి కూడా చెప్పాలి. టీచర్ చెడ్డ ఉద్దేశంతో చేసి ఉండరు. కానీ ఇద్దరు సమానంగా కొట్టుకున్నప్పుడే రాజీ పనిచేస్తుంది. నలుగురు కలిసి ఒక్కణ్ని ఏడిపిస్తుంటే, వాణ్ని వాళ్ల ఎదుటే నిలబెట్టడం చాడీలు చెప్పాడన్న ముద్ర వేయడమే. అందుకే బాబుతో విడిగా, ఆ పిల్లలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడమనండి. మెట్ల దగ్గర, బాత్రూముల దగ్గర, టీచర్ లేని పీరియడ్‌లో ఎవరు గమనిస్తారో అడగండి. సీబీఎస్ఈ స్కూలైతే, ఇలాంటి వేధింపుల్ని అరికట్టే కమిటీ వేయాలని బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి.

అయినా కదలకపోతే జిల్లా విద్యాధికారికి, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అదే ఫిర్యాదు పంపండి. అత్యవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇక ఆ పిల్లల మీద కేసు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది, చిన్న నేరాలకు మామూలుగా ఎఫ్ఐఆర్ కట్టరు. ఇప్పుడే అటు వెళ్లొద్దనే నా సలహా. అయితే గట్టి గాయమైనా, ప్రాణభయం ఉన్నా పోలీసుల దగ్గరికి వెళ్లడానికి ఆలోచించకండి. లైంగికంగా వేధిస్తే పోక్సో చట్టం కింద ఆ సంగతి పోలీసులకు చెప్పడం స్కూలుకూ తప్పనిసరి.

ఫిర్యాదు ఇచ్చేముందు బాబుకు చదివి వినిపించండి. ఏదైనా తప్పుగా రాశారని వాడంటే దిద్దండి. స్కూల్లో రేపు వాణ్నే అడుగుతారు.