కీమో ముగిసినా వదలని కాళ్ల తిమ్మిర్లు

క్యాన్సర్ చికిత్స తర్వాత పాదాలు మొద్దుబారడం గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక పాక్లిటాక్సెల్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కీమో పూర్తయి ఏడు నెలలైంది. రెండు పాదాలూ వేళ్ల నుంచి చీలమండల దాకా మొద్దుబారి ఉన్నాయి. రాత్రయితే అరికాళ్లు మండుతున్నాయి. మొన్న నడుస్తూ ఉండగా ఎడమకాలి చెప్పు జారి వెనకే ఉండిపోయింది. నాలుగడుగులు వేశాక కిందికి చూస్తే గానీ ఆ సంగతి తెలియలేదు. ప్రస్తుతం జబ్బు తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్రలు వాడుతున్నాను. ఈ తిమ్మిర్లు తగ్గుతాయా? ప్రాణం నిలిచింది కదా, ఇంకేం కావాలని ఇంట్లో అంటున్నారు. అందుకే డాక్టరు గారిని మళ్లీ అడగడానికి మొహమాటంగా ఉంది.

జవాబు: ముందు మొహమాటం సంగతి చెబుతాను. ప్రాణం దక్కినందుకు సంతోషించడం వేరు, మిగిలిన బాధకు వైద్యం కోరడం వేరు. మీకు రెంటికీ హక్కుంది. చెప్పు జారినా తెలియలేదని మీరు రాసిన మాట మీ వైద్యులకు చాలా ఉపయోగపడుతుంది. ‘తిమ్మిర్లుగా ఉంది’ అని మాత్రమే చెబితే దాని తీవ్రత అవతలివారికి అందదు. ఈసారి వెళ్లినప్పుడు ఆ సంఘటనను ఉన్నదున్నట్లు చెప్పండి.

వెన్నెముక నుంచి కాలి వేళ్ల దాకా సాగే నరపు పోగు సుమారు మీటరు పొడవు ఉంటుంది. దాన్ని పోషించే పదార్థాలు వెన్ను పక్కనున్న నాడీకణంలో తయారై, పోగు లోపలి సూక్ష్మ నాళికల వెంట, పట్టాల మీద బండ్లు నడిచినట్లు, చివరి కొస వరకు ప్రయాణించాలి. పాక్లిటాక్సెల్ పట్టుకునేది ఆ నాళికలనే. వాటిని కదలకుండా బిగించడం వల్లనే క్యాన్సర్ కణం రెండుగా చీలలేక చనిపోతుంది, నరంలో రవాణా కుంటుపడేదీ అందువల్లనే. అన్నిటికంటే పొడవైన పోగుల కొసలు మొదట దెబ్బతింటాయి కాబట్టి బాధ కాలివేళ్ల దగ్గర మొదలై, రెండు కాళ్లలోనూ సమానంగా పైకి పాకుతుంది. చేతివేళ్ల వంతు సాధారణంగా ఆ తర్వాత వస్తుంది.

తగ్గుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పవలసిన జవాబు ఇది: చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నాలుగు వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, కీమో ముగిసిన తొలి నెలలో సుమారు 68 శాతం మందికి నరాల ఇబ్బంది ఉండగా, ఆరు నెలలు, ఆపైన గడిచేసరికి అది సుమారు 30 శాతానికి తగ్గింది. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేటప్పుడు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది కాబట్టి, ఏడు నెలలకే ఇక ఇంతేనని తీర్మానించుకోనక్కర్లేదు. అయితే క్యాన్సర్ మందు ఒక్కటే కారణమని కూడా ముందే తేల్చుకోకూడదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, మద్యం అలవాటు వంటివి తోడైతే అదే తిమ్మిరి మరింత పెరుగుతుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది కనుక రక్తపరీక్షలు చేయించుకోవడం అవసరం.

మందుల విషయానికి వస్తే, మంటకూ మొద్దుబారడానికీ మధ్య తేడా గుర్తించాలి. మంట, నొప్పి తగ్గించడానికి డ్యులాక్సెటిన్ అనే మందు పనిచేస్తుందని 231 మందితో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆ మందు తీసుకున్నవారిలో 59 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 38 శాతం మంది నొప్పి తగ్గిందని చెప్పారు. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2020 నాటి మార్గదర్శకాల్లో కీమో వల్ల వచ్చే ఈ నొప్పికి సిఫారసు చేసిన మందు ఇదొక్కటే. పోయిన స్పర్శను తిరిగి తెప్పించే మందు మాత్రం ఇంతవరకు ఏదీ లేదు. మీ విషయంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. టామాక్సిఫెన్ పూర్తిగా పనిచేయాలంటే కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మార్చాలి, డ్యులాక్సెటిన్ ఆ ఎంజైమును కొంత మందగింపజేస్తుంది. అందువల్ల ఎవరు రాసిచ్చినా మీ క్యాన్సర్ వైద్యులకు తెలియకుండా మొదలుపెట్టకండి, మొదలుపెట్టాక ఉన్నట్టుండి మానేయకండి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ అనే నరాల నొప్పి మందులు కొందరికి ఊరటనిస్తాయి గానీ, వాటితో మత్తు, తల తిరగడం ఉంటాయి. అసలే పాదం సరిగా ఆనని మనిషికి అవి తోడైతే కింద పడే ప్రమాదం పెరుగుతుంది.

మీ ఉత్తరం చదివాక నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం మంట కాదు, మొద్దుబారడం. మంట మిమ్మల్ని డాక్టరు దగ్గరికి నడిపిస్తుంది. మొద్దుబారిన చోట గాయమైతే అది మిమ్మల్ని పిలవదు. చెప్పు జారినా తెలియని పాదానికి గుచ్చుకున్న మేకు కూడా తెలియదు, బూటులో పడిన చిన్న రాయి రోజంతా ఒరుసుకుని బొబ్బ లేపినా తెలియదు. కాబట్టి స్పర్శ చేయవలసిన పనిని ఇక మీ కళ్లు చేయాలి. రోజూ పడుకునే ముందు మంచి వెలుతురులో కూర్చొని, అరికాళ్లు, మడమలు, వేళ్ల సందులు చూసుకోండి. వంగడం కష్టమైతే నేల మీద చిన్న అద్దం పెట్టి దాని మీదుగా పాదం పట్టి చూడండి. ఎర్రబడ్డ చోటు, పగులు, బొబ్బ, తడి ఏది కనిపించినా, మరుసటి రోజుకు మానే సూచనలు లేకపోతే చూపించుకోండి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగవద్దు. మడమను వెనక నుంచి పట్టి ఉంచే, అడుగు గట్టిగా ఉండే పాదరక్షలు వాడండి. వేసుకునే ముందు వాటిని తిరగేసి దులిపి, లోపల చేయి పెట్టి తడిమి చూడండి. వేడినీళ్లలో కాలు పెట్టేముందు మోచేతితో వేడిని పరీక్షించండి. మంటకు హాయిగా ఉంటుందని వేడినీళ్ల సంచి గానీ ఐసుముక్కలు గానీ నేరుగా పెట్టకండి, కాలినా గడ్డకట్టినా మీకు తెలియదు. పొడిబారిన చర్మానికి క్రీము రాసుకోవచ్చు, కానీ వేళ్ల సందుల్లో రాయకండి.

చీకట్లో తడబడటం కూడా స్పర్శలోపం వల్లనే. పాదం ఎక్కడ ఉందో నరాలు చెప్పలేనప్పుడు మెదడు చూపు మీద ఆధారపడుతుంది, దీపం ఆరితే ఆ ఆసరా కూడా పోతుంది. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా చిన్న దీపం ఉండనివ్వండి, దారిలో జారే పట్టలు, వైర్లు తీసేయించండి. ఫిజియోథెరపిస్టును కలిసి నిలకడ పెంచే వ్యాయామాలు నేర్చుకోండి. గట్టి బల్లను పట్టుకుని ఒక కాలిపై నిలబడటం, ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనించి వేస్తూ నడవడం వంటివి చూడటానికి చిన్నవే గానీ, క్రమం తప్పకుండా చేస్తే తూలడం తగ్గుతుంది. మీరు వాహనం నడిపేవారైతే, బ్రేకు మీద కాలు ఆనినట్లు స్పష్టంగా తెలుస్తోందని వైద్యులు పరీక్షించి చెప్పేదాకా ఆపండి.

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్. ఆక్సాలిప్లాటిన్‌తో కీమో నడుస్తోంది. చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయి, చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేసినట్లవుతోంది. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతోంది. డాక్టరుకు చెబితే మందు ఆపేస్తారని, ఆపితే జబ్బు తిరగబెడుతుందని దాస్తున్నారు. నేను చెప్పేయవచ్చా?

జవాబు: చెప్పాలి, వచ్చే డోసు కంటే ముందే చెప్పాలి. అయితే మీరు చాటుగా చెప్పడం కంటే, ఆయన్ను ఒప్పించి ఆయన చేతే చెప్పించడం మంచిది. ఆయన భయం అర్థం చేసుకోదగినదే.

చల్లదనానికి జిల్లుమనడం, గొంతు పట్టేయడం ఈ మందు ఇచ్చిన కొన్ని రోజుల వరకు ఉండి తగ్గే తాత్కాలిక లక్షణాలు. ఆ రోజుల్లో చల్లని పానీయాలు మానేసి, ఫ్రిజ్‌లోని వస్తువులు తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకుంటే చాలావరకు గడిచిపోతాయి. గుండీలు పెట్టుకోలేకపోవడం మాత్రం అలాంటిది కాదు. రెండు డోసుల మధ్య కూడా అది తగ్గకపోతే, ఈ మందులోని ప్లాటినం లోహం నాడీకణాల్లో పేరుకుంటోందని అనుకోవాలి. పైగా ఈ జాతి మందులను ఆపాక కూడా కొన్ని నెలల పాటు తిమ్మిర్లు పెరగవచ్చు. అందుకే బాధ భరించలేనంత అయ్యాక చెబుదామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

మందు ఆపితే చికిత్స వృథా అవుతుందన్న భయానికి మీ నాన్నగారికి ఒక విషయం చెప్పండి. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఈ చికిత్సను ఆరు నెలలకు బదులు మూడు నెలలే ఇస్తే ఏమవుతుందని, 12 వేల మందికి పైగా రోగులున్న ఆరు అధ్యయనాలను కలిపి పరిశీలించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. చెప్పుకోదగ్గ నరాల దెబ్బ ఆరు నెలల చికిత్సలో సుమారు 45 నుంచి 48 శాతం మందికి, మూడు నెలల చికిత్సలో సుమారు 14 నుంచి 17 శాతం మందికి కనిపించింది. ఈ దశలోనే జబ్బు అంతగా ముదరనివారిలో, ముఖ్యంగా కాపెసిటాబిన్ అనే కీమో మాత్రతో కలిపి ఇచ్చినప్పుడు, మూడు నెలల చికిత్స ఫలితం దాదాపు ఆరు నెలల చికిత్సతో సమానంగా ఉంది. మీ నాన్నగారికి ఇది వర్తిస్తుందా లేదా అన్నది ఆయన జబ్బు దశను బట్టి వైద్యులు తేల్చాలి. డోసు తగ్గించడం, ఆక్సాలిప్లాటిన్ ఒక్కదాన్ని ఆపి మిగతా మందులు కొనసాగించడం వంటి మార్గాలు వారి చేతిలో ఉన్నాయి. దాచిపెడితే ఆ మార్గాలన్నీ మూసుకుపోతాయి.

ప్రశ్న: నరాల బలానికని బి-విటమిన్ మాత్రలు, ఎసిటైల్ ఎల్-కార్నిటిన్ అనే పోషక మాత్రలు వాడమని తెలిసినవారు చెబుతున్నారు. వాడవచ్చా?

జవాబు: కార్నిటిన్ వద్దు. పాక్లిటాక్సెల్ జాతి మందులు తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు దాన్ని ఇచ్చి చూస్తే తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగాయని 2013లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. బి12 లోపం ఉందని రక్తపరీక్షలో తేలితే ఆ విటమిన్ తప్పక వాడాలి. మధుమేహానికి చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈ లోపం రావచ్చు. బి6ను ఎక్కువ మోతాదులో చాలాకాలం మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది. రెండు మూడు రకాల మాత్రలు కలిపి వేసుకునేవారు ప్రతి సీసా మీదా బి6 ఎంత ఉందో చూసి, ఆ సీసాలన్నీ వైద్యులకు చూపించండి.

ప్రశ్న: కీమో అయి రెండేళ్లు దాటింది. పాదాల తిమ్మిరి అలాగే ఉంది, అలవాటైపోయింది. రెండు వారాలుగా నడుం పైభాగంలో నొప్పి, పడుకుంటే ఎక్కువవుతోంది. కాళ్లలో బలం కూడా తగ్గినట్లుంది. ఇదీ పాత నరాల దెబ్బేనా?

జవాబు: కాదనుకునే చూడాలి. ఈ సంచిక కోసం ఆగకుండా, ఉత్తరం అందిన రోజే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మీకు విడిగా తెలియజేశాం. ఇలాంటి లక్షణాలున్న ఇతర పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాం. కీమో వల్ల దెబ్బతిన్న నరాలు చికిత్స ముగిసిన రెండేళ్లకు కొత్తగా క్షీణించడం, దానికి వెన్నునొప్పి తోడవడం మామూలుగా జరగదు. క్యాన్సర్ వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కుతుంటే ఇలా కావచ్చు. కాళ్లలో కొత్తగా వచ్చిన బలహీనత, తొడల మధ్య స్పర్శ పోవడం, మూత్రం రాకుండా నిలిచిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అత్యవసర పరిస్థితి. వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ తీసి, అవసరమైతే స్టెరాయిడ్లు, రేడియేషన్ లేదా ఆపరేషన్ వెంటనే మొదలుపెడతారు. చికిత్స మొదలయ్యేనాటికి ఇంకా నడవగలుగుతున్నవారిలో ఎక్కువమంది ఆ తర్వాత కూడా నడవగలుగుతారు, నడక పూర్తిగా పోయాక వచ్చినవారికి ఆ అవకాశం బాగా తగ్గుతుంది. అందుచేత తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, రాత్రి అయినా సెలవురోజు అయినా అత్యవసర విభాగానికి వెళ్లి, తనకు క్యాన్సర్ చికిత్స జరిగిందన్న మాట అక్కడ మొట్టమొదటే చెప్పాలి.