వహాకా సంతలో బేరమా, కొసరా? అమ్మతో వెళ్ళి నేర్చుకున్నది

మీరు అడిగినవి మూడు. మెక్సికోలో హస్తకళల మార్కెట్లకు వెళ్తే ఏం కొనాలి, ఎంత వరకు బేరం ఆడొచ్చు, నకిలీని ఎలా పట్టుకోవాలి. నేను 2023 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు డాలస్ నుంచి వెళ్ళాను. మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఉన్న అమ్మను కూడా తీసుకెళ్ళాను. మాది పోచంపల్లి దగ్గర ఊరు. అమ్మ పెళ్ళైనప్పటి నుంచి చిటికి కట్టింది, ఆసు పోసింది, కండెలు చుట్టింది, అంటే ఇక్కత్ నేతకు ముందు పోగుల మీద చేసే పనులు. కాబట్టి ఈ జవాబులో సగం తెలివి ఆమెది, పొరపాట్లు మాత్రం నావి.

మొదటి పొరపాటు మెక్సికో సిటీలో, దిగిన సాయంత్రమే. హోటల్ సందు చివర ఒక దుకాణంలో రంగురంగుల దుప్పటి చూశాను. 'పురా లానా' అన్నాడు, అంటే అచ్చమైన ఉన్ని. 900 పెసోలు చెప్తే 600కి దించాను. నేను కోఠిలో బేరం నేర్చుకున్నదాన్ని, పొంగిపోయాను. అమ్మ ఏమీ అనలేదు. గదికి వచ్చాక దుప్పటి అంచు నుంచి ఒక పోగు లాగింది, కింద కుర్రాణ్ణి లైటర్ అడిగి తెమ్మంది, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి అంటించింది. పోగు కరిగి, ముడుచుకుని, నల్లటి గట్టి పూసలా అయింది. "ఉన్నైతే ఎంటికలు కాలిన వాసనొస్తది, నలిపితే బూడిదైతది. ఇది ప్లాస్టికు బిడ్డా" అంది. పట్టుచీర అసలుదా కాదా అని మన దగ్గర చూసే పరీక్షే ఇది. ఉన్నికీ పట్టుకీ ఒకటే ఫలితం, అక్రిలిక్‌కి వేరే. దుకాణంలో లైటర్ వెలిగించమని చెప్పను కానీ, ఖరీదైనది కొనేటప్పుడు ఒక వదులు పోగు అడగండి. అసలు సరుకు అమ్మేవాళ్ళు అభ్యంతరం చెప్పరు, కొందరు వాళ్ళే అంటించి చూపిస్తారు.

మర్నాడు సాయంత్రం దక్షిణ మెక్సికోలోని వహాకా చేరాం. మీకు నాలుగు రోజులే ఉంటే నేను ఈ ప్రాంతమే చెప్తాను. వహాకా నగరం చుట్టూ లోయలో ఊరికో పని. తెయోతిత్లాన్ దెల్ వాయేలో తివాచీలు, సాన్ బార్తోలో కోయోతెపెక్‌లో నల్లమట్టి పాత్రలు, సాన్ మార్తిన్ తిల్కాహెతే, ఆరాసోలాలలో రంగుల కొయ్యబొమ్మలు, ఆత్సోంపాలో ఆకుపచ్చ మెరుపు కుండలు. సంతలు కూడా రోజుకో ఊళ్ళో. శుక్రవారం ఒకోత్లాన్, ఆదివారం త్లాకోలూలా. సంతను అక్కడ తియాంగిస్ అంటారు, స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న నావాట్ల్ భాష మాట. నా సలహా ఏంటంటే ముందు ఊరికెళ్ళి తయారీ చూడండి, ఆ తర్వాతే సంతలో పర్సు తీయండి. వరస తిరగబడితే నా దుప్పటి కథే.

శుక్రవారం దక్షిణం వైపు ఊళ్ళు తిరిగాం, వాటి సంగతి తర్వాత చెప్తాను. శనివారం తెయోతిత్లాన్. నగరానికి తూర్పున దాదాపు 30 కిలోమీటర్లు. ఇక్కడివాళ్ళు సపోతెక్ అనే మూలవాసులు, ఇళ్ళల్లో వాళ్ళ భాషే మాట్లాడుకుంటారు. ఏ ఇంట్లోకి వెళ్ళినా మగ్గం చప్పుడే. టూర్ వ్యాన్ ఎక్కితే వాడు తనకు కమిషన్ వచ్చే ఒకే ఇంటికి తీసుకెళ్ళే అవకాశం ఉంది కాబట్టి, మేం షేర్ టాక్సీలో వెళ్ళి ఊళ్ళో నడిచాం. మూడో ఇంట్లో అమ్మ ఆగిపోయింది.

"వీళ్ళు నిలవడి నేస్తున్నరేందే?"

మనది గుంట మగ్గం కదా, కూర్చుని కాళ్ళు గుంటలో పెడతాం. వీళ్ళది నిలబడి తొక్కే మగ్గం. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు గొర్రెల్నీ ఈ మగ్గాన్నీ తెచ్చారు. అంతకు ముందు నడుముకి పట్టీ కట్టుకుని, రెండో కొసను చెట్టుకో గుంజకో బిగించి నేసేవాళ్ళు. ఆ నడుం మగ్గం మీద ఆడవాళ్ళు ఇప్పటికీ నేస్తున్న ఊళ్ళు వహాకాలో ఉన్నాయి. తివాచీలో బొమ్మంతా పేకతోనే, అంటే అడ్డపోగుతోనే వస్తుంది. రంగు మారిన ప్రతి చోటా ఒక దారం ఆపి ఇంకో దారం చేత్తో దూర్చాలి. బొమ్మల్లో ఎక్కువగా కనిపించే మెట్లమెట్ల గీత, దగ్గర్లోనే ఉన్న మిత్లా శిథిలాల గోడల మీద రాతితో పేర్చిన నమూనా. అమ్మకి అది చీర అంచులో గోపురం లాగే ఉంది.

ఆ ఇంటావిడ రంగులు చూపించింది. నాగజెముడు ఆకుల మీద తెల్లగా బూజు పట్టినట్టు ఉంటుంది, దాని కింద చిన్న పురుగు. ఎండబెట్టిన ఆ పురుగుల్ని అరచేతిలో నలిపితే ముదురు ఎరుపు. దాని మీద నిమ్మరసం పిండింది, నారింజ ఎరుపయింది. చిటికెడు సున్నం వేసింది, ఊదా రంగు తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను, అమ్మ మాత్రం తలూపింది. "పసుపుల సున్నం కలిపితే పారాణి ఎర్రగైతది గదా, గట్లనే." ఈ రంగు పేరు గ్రానా కొచినీయా. ఒక పౌండు ఎండు సరుకుకి దాదాపు 70 వేల పురుగులు కావాలి. వలస పాలనలో మెక్సికో నుంచి వెండి తర్వాత అంత విలువైన ఎగుమతి ఇదే. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మద్రాసులో కూడా ఈ పురుగును పెంచబోయారు, దొరికింది నాసిరకం కావడంతో వ్యాపారం సాగలేదు. మన చేల గట్ల మీది నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. అదే మొక్కను మర్నాడు సంతలో ముళ్ళు గీకి, ముక్కలు కోసి కూరగాయగా అమ్ముతుంటే అమ్మ మొహం చూడాల్సింది.

ఇక బేరం. నేను ఎంచుకున్న తివాచీ రెండున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. 4,200 పెసోలు చెప్పాడు నేతాయన. అప్పుడు డాలరుకు 17 పెసోలు, అంటే సుమారు 250 డాలర్లు. నేను వెంటనే నేర్చుకున్న ముక్క ప్రయోగించాను, 'ఎస్ లో మేనోస్?', ఇదే చివరి ధరా అని. అమ్మ మోచేత్తో పొడిచింది. "పైసలు తర్వాత. ఎన్ని దినాలు పట్టిందో అడుగు ముందుగాల." ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగాం. నేతకే 18 రోజులు, ఉన్ని వడకడం, రంగు అద్దకం వేరే. అమ్మ వేళ్ళ మీద లెక్కేసింది. రోజుకి 230 పెసోలు పడ్డాయి, అందులోంచి ఉన్ని ఖర్చూ రంగు ఖర్చూ పోవాలి. ఆ ఏడాది మెక్సికోలో కనీస కూలి రోజుకి 207 పెసోలు. "షావుకారు దగ్గర ఆడు బేరం, నేసెటోని దగ్గర ఆడకు" అంది. చీర పట్టుకుని సేటు దుకాణం మెట్ల మీద ఎన్నిసార్లు నిలబడిందో నాకు తెలుసు, అందుకే ఎదురు చెప్పలేదు.

4,200 ఇచ్చేశాం. అంతా అయ్యాక అమ్మ చెయ్యి చాపి, తెలుగులోనే, "కొసరు?" అంది. ఆయనకి మాట అర్థం కాలేదు కానీ చెయ్యి అర్థమైంది. నవ్వి, గ్లాసు కింద పెట్టుకునే నేత ముక్క ఒకటి తీసిచ్చాడు. ఆదివారం త్లాకోలూలాలో అసలు మాట తెలిసింది, 'పిలోన్'. కూరగాయలు, గింజలు తూచి ఇచ్చాక పైన వేసే గుప్పెడు. అచ్చంగా మన కొసరే. దుకాణంలో గుంజీగుంజీ 50 పెసోలు తగ్గించుకోవడం కంటే, 'సు పిలోన్?' అని నవ్వుతూ అడిగితే ఇద్దరికీ సరదాగా ఉంటుంది.

మరి ఎక్కడా ఆడకూడదా అంటే, ఆడొచ్చు. తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర, మూడు నాలుగు కొన్నప్పుడు, పదో పదిహేనో శాతం తగ్గించమని అడగడం మామూలే. సగానికి సగం అడిగితే మాత్రం మొహం తిప్పుకుంటారు. చేసినవాళ్ళా అమ్మేవాళ్ళా అని తెలుసుకోవాలంటే 'ఉస్తెద్ లో ఇసో?' అనండి, మీరే చేశారా అని. ఇంకొక్కటి, అంగడి ముందు ఆగగానే ధర అడగొద్దు. ముందు 'బ్వెనోస్ దీయాస్', ఆ తర్వాతే ఏదైనా. సంతలో అమ్మేవాళ్ళు ఆడవాళ్ళందర్నీ 'గ్వెరీతా' అని పిలుస్తారు. తెల్ల పిల్లా అని అర్థం. మా అమ్మను కూడా అలాగే పిలిచారు. అర్థం చెప్పాక ఆమె ఆ అంగడి నుంచి కదల్లేదు, వద్దన్నా రెండు కిలోల జామకాయలు కొన్నది.

శుక్రవారం సంగతి. కోయోతెపెక్‌లో కుమ్మరి సారె ఉండదు. ఒక పళ్ళాన్ని బోర్లించి, దాని మీద ఇంకో పళ్ళెం పెట్టి, చేత్తో తిప్పుతూ కుండ చేస్తారు. పాత్రల నలుపు రంగు కాదు. బట్టీని మూసి గాలి తగలకుండా కాల్చడం వల్ల వచ్చింది. వెనకటికి ఇవి బూడిదరంగు కుండలే, మెస్కాల్ సారా మోయడానికి వాడేవాళ్ళు. దోన్యా రోసా అనే ఆవిడ గత శతాబ్దం నడుమ, పచ్చి మట్టిని స్ఫటిక రాయితో రుద్ది తక్కువ వేడిలో కాలిస్తే అద్దంలా మెరుస్తుందని కనిపెట్టింది, అప్పటి నుంచి ఊరి రాతే మారింది. ఒక చిక్కుంది. మెరిసే కుండ నీళ్ళు ఆపదు. పూలకుండీ అనుకుని కొని నీళ్ళు పోస్తే బల్ల తడుస్తుంది. నాది తడిసింది. ఇక ఎక్కడైనా మెరుగు పూసిన మట్టి పాత్రల్లో తిందామనుకుంటే 'సిన్ ప్లోమో' అని, అంటే సీసం లేదని చెప్పించుకుని, రాసి ఉంటేనే కొనండి. పాత పద్ధతి మెరుగులో సీసం ఉంటుంది. అనుమానం ఉంటే గోడకి తగిలించండి, అందులో చింతపులుసు మాత్రం పోయొద్దు.

కొయ్యబొమ్మల్ని అలెబ్రిహేలంటారు. ఈ పేరు మెక్సికో సిటీలో కాగితపు గుజ్జుతో వింత జంతువులు చేసిన పేద్రో లినారేస్‌ది. 1936లో జబ్బుపడి జ్వరంలో కన్న కలలోంచి అవి పుట్టాయని చెప్పేవాడు. వహాకా వాళ్ళు కోపాల్ చెట్టు కొయ్యతో చేస్తారు. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి ఎలాగో వీటికి కోపాల్ అలాగ, పచ్చిగా ఉన్నప్పుడు కత్తికి మెత్తగా లొంగుతుంది. చుక్క మీద చుక్క పెట్టిన పనితనాన్ని బట్టి ధర, సైజుని బట్టి కాదు. కొయ్యలో పురుగు ఉండొచ్చు కాబట్టి ఇంటికి రాగానే కవర్లో చుట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి.

కొనకపోయినా చూడాల్సింది హాస్పే రెబోసో. అది శాలువ లాంటిది. నగరంలో ఒక దుకాణంలో అమ్మ దాన్ని తిరగేసింది, మళ్ళీ తిరగేసింది. రెండు వైపులా ఒకటే రంగు, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టు. "ఇది చిటికి" అంది గట్టిగా, దుకాణమంతా వినపడేలా. నిజమే, నేతకు ముందే పోగుల్ని కట్లు కట్టి రంగులో ముంచే పద్ధతే, మన ఇక్కత్ పద్ధతి. సాన్తా మరియా దెల్ రియో, తెనాన్సింగో ఊళ్ళు దీనికి పేరు. అంచున కుచ్చుల్ని ముడులు వేసి అల్లడానికే వారాలు పడుతుంది. అచ్చు వేసిన నకిలీలూ ఉంటాయి. వెనక వైపు వెలిసినట్టు ఉంటే అచ్చే.

తిండి గురించి అడగలేదు కానీ శాకాహారులైతే ఒక్క మాట. 'సిన్ కార్నే' అంటే మాంసం ముక్కలు తీసేస్తారు, పంది కొవ్వు మాత్రం ఉంటుంది. 'సిన్ మాంతేకా, సిన్ అసియెంతో' అని, అంటే పంది కొవ్వూ, దాని అడుగు మడ్డీ వద్దని కూడా చెప్పాలి. తెహాతే అనే మొక్కజొన్న, కోకో పానీయం నిశ్చింతగా తాగొచ్చు. ఎర్రగా వేయించిన మిడతల గంపల్ని అమ్మ ఎండుమిర్చి అనుకుని చెయ్యి పెట్టబోయింది, ఆపాను.

అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మనకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు, అమ్మ సందర్శకుల వీసాతోనే వచ్చింది. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. సంతల్లో నగదే, చిల్లర పెసోలు ఉంచుకోండి. మెక్సికో సిటీ దాటి వెళ్ళే తీరిక లేకపోతే బాల్దేరాస్ మెట్రో దగ్గర లా సియుదాదేలా అనే పెద్ద హస్తకళల మార్కెట్ ఉంది, చాలా రాష్ట్రాల సరుకు ఒక్కచోట దొరుకుతుంది. దానికి ముందు అలమేదా పార్కు దగ్గర జానపద కళల మ్యూజియంలో ఒక పూట గడిపితే కన్ను సిద్ధమవుతుంది.

తివాచీని చుట్టి చేతి సామానులోనే తెచ్చాం, మడిచి సూట్‌కేసులో కుక్కితే గీత పడుతుందని అమ్మ ఒప్పుకోలేదు. హాల్లో పరిచాను. ఆమె ఇండియా వెళ్ళిపోయాక ప్రతి వీడియో కాల్లోనూ ముందు ఫోన్ కిందికి తిప్పమంటుంది, ఎవరైనా దాని మీద చెప్పులతో తిరుగుతున్నారేమోనని.