పొద్దున్నే బిగుసుకునే వేళ్లు

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. నాకు 38 ఏళ్లు, నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి. అందరూ 'పాజిటివ్‌గా ఉండు' అంటారు. ఎలాగండీ?

జవాబు: ఆ మాట వింటే నాకూ కోపమొస్తుందమ్మా, నొప్పి లేనట్టు నవ్వడం ధైర్యమేం కాదు, ఏడుపొస్తే ఏడవండి. మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది, ఇందులో మీ తప్పేమీ లేదు. కాస్త బాగుందని మందులు మీ అంతట మీరు మానకండి. మెథోట్రెక్సేట్ ఇచ్చి ఉంటే అది వారానికి ఒక్కసారే, పొరపాటున కూడా రోజూ వద్దు. లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులుంచి మెల్లగా వేళ్లు కదపండి, కూరలు తరగడం కాస్త ఆగి చేసుకోండి. లాల్‌బాగ్ అంతా తిరగలేకపోతే ఒక చెట్టు కింద కూర్చుని రండి, కానీ వెళ్లడం మానకండి.