బరువు ఎత్తినందుకు గర్భం పోలేదు

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయిన మూడేళ్లకు నెల తప్పింది. పదో వారంలో బ్లీడింగ్ అయి గర్భం పోయింది. ఎదుగుదల ఎనిమిదో వారంలోనే ఆగిపోయిందని స్కాన్‌లో చెప్పారు. కానీ బ్లీడింగ్‌కు రెండు రోజుల ముందు నేను బరువైన పెట్టె ఎత్తాను. ఆ రాత్రి మావారితో గొడవ కూడా పడ్డాను. ‘జాగ్రత్తగా ఉండమంటే విన్నావా’ అంటున్నారు అత్తయ్య. మావారేమో ఆ ఊసే ఎత్తరు. ఇప్పుడు మా తోడికోడలు గర్భవతి. తనని చూస్తే ఏడుపొస్తోంది. రెండు నెలలైనా మామూలు మనిషిని కాలేకపోతున్నాను.

జవాబు: మీరు రాసిన తేదీలే మరోసారి చూడండమ్మా. ఎదుగుదల ఆగింది ఎనిమిదో వారంలో. పెట్టె ఎత్తిందీ, గొడవపడిందీ పదో వారంలో. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. బ్లీడింగ్ కనిపించాకే మనకు తెలుస్తుంది కాబట్టి, అంతకుముందు రెండు రోజుల్లో ఏం చేశానా అని వెతుక్కుంటాం. చాలాసార్లు అసలు సంగతి కొన్ని వారాల ముందే ముగిసిపోయి ఉంటుంది.

తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వాటికి, పిండంలోని క్రోమోజోముల తేడాయే కారణం. అది చాలావరకు పిండం ఏర్పడేటప్పుడే వచ్చేస్తుంది. పొగ తాగడం, అదుపులో లేని షుగర్, థైరాయిడ్ లాంటివి ముప్పు పెంచే మాట నిజమే. ఇంట్లో ఓ పెట్టె ఎత్తడం, ఒక రాత్రి గొడవ ఆ లెక్కలోకి రావు.

అయినా అలా నమ్మేది మీ అత్తయ్య ఒక్కరే కాదు. 2015లో వెలువడిన ఓ అమెరికా సర్వేలో వెయ్యిమందికి పైగా స్త్రీ పురుషులను అడిగితే, నూటికి 64 మంది బరువు ఎత్తితే గర్భం పోతుందన్నారు. 76 మంది టెన్షన్ వల్ల పోతుందన్నారు. గర్భం పోయిన అనుభవం ఉన్నవాళ్లలో సగానికి దగ్గరగా తప్పు తమదేనని బాధపడ్డారు. మీ అత్తయ్యతో వాదన పెట్టుకోకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడనీ, మీవారినీ తీసుకెళ్లి, ఆ తేదీల సంగతి డాక్టరు నోటితోనే చెప్పించండి. మీరు పదిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది.

మీవారి మౌనాన్ని పట్టనితనం అనుకుంటున్నట్టున్నారు. కావచ్చు, కాకపోనూ వచ్చు. చాలామంది మగవాళ్లు ‘కదిపితే తను ఏడుస్తుంది’ అని నోరు మూసుకుంటారు. ‘నన్ను ఓదార్చాలి’ అంటే ఆయనకు ఏం చేయాలో తోచదు. ‘పది నిమిషాలు నా పక్కన కూర్చో. సలహాలు వద్దు, ఊరికే విను’ అనండి. ‘నీకెలా ఉంది’ అని మీరూ అడగండి. ఆ బిడ్డ ఆయనకూ పోయింది.

ఇక తోడికోడలు. తనని చూసి ఏడుపు రావడం అసూయ కాదు, దుఃఖమే. ‘నీ సంతోషం నాకూ సంతోషమే, కొన్నాళ్లు ఎక్కువగా కలవలేను, ఏమీ అనుకోకు’ అని ఓ మెసేజ్ పెట్టండి. నవ్వు తెచ్చిపెట్టుకుని పక్కన కూర్చోవడం కంటే అదే నయం.

రెండు నెలలు ఎక్కువేం కాదు. అయితే నిద్ర పట్టకపోవడం, ఆ రోజు పదేపదే కళ్లముందు మెదలడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం వారాల తరబడి సాగుతుంటే సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ గర్భం గురించి మీరు అడగలేదు, నేనూ తొందరపెట్టను. ఒకసారి పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతిది నిలుస్తుంది. రెండోసారీ ఇలాగే జరిగితే అప్పుడు పరీక్షల గురించి డాక్టరును అడగండి.