మా అమ్మమ్మ బొడ్డుసంచిలోని చిల్లగింజ

"మన వైపు పెరిగే చెట్లలో ఎవరూ ఊహించని పనికి వాడేది ఏదైనా ఉందా?" అన్నది ప్రశ్న. చెట్టు పేరెత్తగానే మనవాళ్లు షుగరుకి మంచిదా, జుట్టు ఒత్తుగా పెరుగుతుందా అని మొదలుపెడతారు. నేను చెప్పేది మింగేదీ కాదు, తలకి పట్టించేదీ కాదు. కుండకి రుద్దేది. దాని పేరు చిల్లగింజ.

మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు తొమ్మిదేళ్లు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి చేరిందనీ, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందనీ పెద్దయ్యాక చదివాను. అప్పుడు తెలిసిందల్లా అరటితోట ఆకులతో సహా మునిగిందని, మేం పదకొండుమందిమీ పడవెక్కి ఏటిగట్టు మీద బరకం కిందకి చేరామని. గేదెలు వాటంతటవే ఈదుకొచ్చాయి.

చుట్టూ నీళ్లే గానీ తాగడానికి చుక్క లేదు. నుయ్యి మునిగిపోయింది. ఏట్లోంచి ముంచిన బిందెలో చెయ్యి పెడితే మణికట్టు కనపడదు, అంత జేగురు రంగు. మావయ్య పటిక కోసం గట్టు పొడుగునా తిరిగి ఉత్తచేతులతో వచ్చాడు. అప్పుడు అమ్మమ్మ బొడ్డుసంచి విప్పింది. అందులోంచి ఎప్పుడూ వక్కలూ, సున్నపుకాయా, నా అదృష్టం బాగుంటే పది పైసలూ వచ్చేవి. ఆ రోజు రెండు గింజలు వచ్చాయి. చొక్కా బొత్తాం అంత, గుండ్రంగా, పాలిపోయిన పసుపు రంగులో, పట్టుగుడ్డలా నిగనిగలాడుతూ.

"ఒరేయ్, ఆ కుండ ఇలా దొర్లించు" అంది. పక్క బరకం కింద ఉన్న కుమ్మరి వాళ్లని అడిగి తెచ్చిన కుండ అది. లోపల నాలుగు నీటిచుక్కలు చిలకరించి, గింజ పట్టుకుని గోడకి రుద్దడం మొదలుపెట్టింది. గర్‌గర్‌మని చప్పుడు. సాన మీద గంధం తీసినట్టు తెల్లటి జిగురు కుండ లోపల అంటుకుంది. నీళ్లు పోసి, గరిటెతో చాలాసేపు తిప్పి, మూత పెట్టి, "పొద్దుటిదాకా ఎవరైనా కదిపారో, చేతులు విరిచేస్తా" అంది.

నేను కదపలేదు. మూత మాత్రం తీసి చూశాను, మూడుసార్లు. లాంతరు వెలుగులో మొదటిసారి బురదే. రెండోసారి అటుకు ముక్కల్లాంటి తునకలు తిరుగుతున్నాయి. మూడోసారి అమ్మమ్మకి దొరికిపోయాను. తెల్లారేసరికి అడుగున వేలెడు మందాన మడ్డి, పైన తేట నీళ్లు. మడ్డి లేవకుండా పైపైన ముంచి, తాతయ్య పంచె మడతపెట్టి వడగట్టి, కాచి ఇచ్చింది. మాలో ఒక్కరికీ విరేచనాలు పట్టుకోలేదు. అది చిల్లగింజ చలవేనని నేనంటాను. కాచిన పొయ్యికి ఇవ్వాల్సిన పేరు గింజకి ఇస్తున్నావని మా ఆవిడ అంటుంది.

ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. గింజ బురదని దింపుతుంది గానీ, క్రిములన్నిటినీ చంపదు, కాచుకోవాల్సిందే. దాని జిగురులోని పొడవాటి అణువులు సన్నటి మట్టి రేణువుల్ని ఒకదానికొకటి ముడేస్తాయి. ముడిపడ్డవి బరువెక్కి అడుక్కి పోతాయి. సుడాన్‌లో ఆడవాళ్లు నైలు నది నీళ్లకి ఇదే పని మునగ గింజలతో చేసేవారు. సంస్కృతంలో చిల్ల చెట్టు పేరు కతకం. కతక ఫలం నీటిని తేటపరుస్తుంది గానీ, దాని పేరు తలుచుకున్నంత మాత్రాన నీళ్లు తేరవని మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉంది. పుస్తకం ముందు పెట్టుకుని నిద్రపోతుంటే తాతయ్య నాకు అదే అప్పజెప్పేవాడు.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టిన సంగతి. రెండేళ్ల క్రితం ఆ గింజల కోసం ఆన్‌లైన్‌లో ఒక దుకాణంలో ఆర్డరిచ్చాను. వచ్చినవి చూడగానే గుండె ఆగినంత పనైంది. చదునుగా, బిళ్లల్లా, బూడిద రంగులో, మధ్యలో చిన్న గుంటతో ఉన్నాయి. అవి ముష్టి గింజలు! రెండు చెట్లూ దగ్గరి చుట్టాలే, కానీ ముష్టిలో స్ట్రిక్నిన్ ఉంటుంది, ప్రాణం తీసే విషం. ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి "అదీ మూలికే కదా సార్" అన్నాడు. నాయనా, గన్నేరూ మూలికే! అందుకే చెప్తున్నాను, గింజని గుర్తుపట్టగల మనిషి పక్కన లేకుండా కొనకండి. ఏజెన్సీలో గిరిజనులు ఏరి తెచ్చిన చిల్లగింజల్ని గిరిజన సహకార సంస్థ కొంటుంది. నాకు చివరికి దొరికినవి రంపచోడవరం వైపు తెలిసినాయన పంపినవే.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ ఆర్ఓ మిషనుంది. బిందెడు మంచినీళ్లకి రెండు బిందెలు మోరీలో పోస్తుంది. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీళ్లకి ఆర్ఓ వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే అంది. మీటింగులో ఈ మాటంటే "మీ గింజ రుద్దుకోండి సార్" అని నవ్వారు.

రుద్దాను కూడా. మొన్న వానలకి కుళాయిలో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు స్టీలు బిందెకి రుద్దితే గింజ జారిపోయింది, నునుపుకి అరగలేదు. మట్టికుండ కొనుక్కొచ్చి రాత్రి పెట్టాను. పొద్దున్నకి తేరాయి. మా ఆవిడ వంగి చూసి, బాగానే ఉన్నాయని మెచ్చుకుని, చెంబుతో ముంచి తులసికోటలో పోసింది. ఆవిడ మాత్రం మిషను నీళ్లే పట్టుకుంది.